జర్మనీ పంపు

ఒమన్‌లోని బహ్లాలో కాంక్రీటు పంపు తనిఖీకి వెళ్లినప్పుడు, దాని ఆపరేటర్ సాయన్న సాయంత్రం నన్ను తన రూమ్‌కు తీసుకెళ్లాడు. జగిత్యాల మనిషి. టీవీలో జర్మనీ, ఇటలీ ఫుట్‌బాల్ మ్యాచ్ వస్తోంది. రూమ్‌లో జర్మనీ వైపు అతనొక్కడే. ఓడితే వారమంతా ఏడుగురికీ వంట చేయాలని పందెం.

ఇటలీయే ఎందుకు గెలుస్తుందో నేను మూడు కారణాలు చెప్పాను.

"గవన్నీ నాకెర్క లేదు సార్. నా పంపు జర్మనీది. నాలుగేండ్ల సంది ఒక్కపూట ఆగలే" అన్నాడు. తనిఖీ చేసినవాణ్ని, కాదనలేకపోయాను.

జర్మనీ ఓడింది.

"సాయన్నా, ఉల్లిగడ్డలు గాడున్నయ్!" అని రూమంతా అరిచింది. అతను కత్తి తీసుకుని కూర్చున్నాడు.

"పంపు మోసం చేసిందా?" అని అడిగాను.

"పంపునేం అనకుండ్రి సార్. ఆళ్లకు ఆపరేటర్ సక్కగ లేడు."