మామ పుస్తకంలో సాక్షి సంతకం

ఆ రోజుల్లో నాకు లోకంలో రెండే రకాల సంతకాలు ఉండేవి, కలిసేవీ కలవనివీ. బ్యాంకులో కొత్తగా చేరి, చెక్కు మీది సంతకాన్ని నమూనా కార్డు పక్కన పెట్టి చూసే సీట్లో కూర్చున్నాను మరి (మూడు నెలల అనుభవానికి ముప్పై ఏళ్ల గర్వం). ఆ గర్వంతోనే ఓ ఆదివారం సైనిక్‌పురిలో మా మామ ఆటోగ్రాఫుల పుస్తకం తెరిచాను. మిలిటరీలో చేసి రిటైరైన మామకు అందులో ఒక్క పేజీ అంటే ప్రాణం. అది ఓ పాత హాకీ ఆటగాడి సంతకం. ఇంటికి ఎవరొచ్చినా చాయ్ కంటే ముందు ఆ పేజీ వచ్చేది. ఆ ఆటగాడి ఖాతా మా బ్రాంచిలోనే ఉంది. "మామా, గిది ఆయన సంతకం గాదు. కలుస్తలేదు," అన్నాను, చెక్కు తిప్పి పంపినంత తేలిగ్గా.

మామ ముఖం చిన్నబోయింది. "టీమ్ బస్సు కిటికీలకెల్లి నేనే పుస్తకం లోపలికిచ్చిన రా. సంతకంతోని బయటికొచ్చింది. ఇంకేం కావాలె?" అన్నాడు. ఆ తర్వాత ఎవరొచ్చినా ఉత్త చాయే వచ్చింది. నాకే బాధేసి, మామనూ పుస్తకాన్నీ వెంటబెట్టుకుని బన్సీలాల్‌పేట్‌లో ఆ ఆటగాడి ఇంటికి వెళ్లాను.

పెద్దాయన పేజీని దగ్గరగా, దూరంగా పెట్టి చూశాడు. "నాదే అనిపిస్తుంది. కాదేమో అని సుత అనిపిస్తుంది. గుంపు జాస్తి ఉంటే మా గోల్‌కీపర్ నా పేరు గూడ రాసెటోడు బిడ్డా. ఆయన రాతనే జెర మంచిగుండె." పోనీ, కింద కొత్తగా ఒకటి పెట్టమన్నాం. పెట్టాడు. అది పైదానితో కలవలేదు. నాకు కంఠతా వచ్చిన బ్యాంకు కార్డు సంతకంతోనూ కలవలేదు. నా బుర్ర గిర్రున తిరిగింది. మనిషి కళ్ల ముందే ఉన్నాడు, సంతకం మాత్రం ఎవరిదో.

మామ మాత్రం పరేషాన్ కాలేదు. "రేపు ఇంకోడొచ్చి ఇది సుత నకిలీ అంటడు. నువ్వు కండ్లార చూసినవు గద, పక్కకు సాక్షి సంతకం పెట్టు," అని పెన్ను చేతికిచ్చాడు. 'సాక్షి' అని రాసి మరీ పెట్టాను (బ్యాంకు ముద్ర ఒక్కటే తక్కువ). మళ్లీ చాయ్ కంటే ముందు ఆ పేజీ రావడం షురూ అయింది.

ముందు ఆ పెద్దాయన, తర్వాత మామ పోయాక పుస్తకం నా దగ్గరికొచ్చింది. మొన్న మా మనవరాలు ఆ పేజీ చూసి, "తాతా, ఈ సాక్షి ఎవరు?" అంది. నేనే అంటే నమ్మక, కాగితం మీద సంతకం పెట్టించింది. రెండూ పక్కపక్కన పెట్టి చూశాను. కలవలేదు. బ్యాంకు సీట్లో ఆనాటి కుర్రాడే ఉంటే నన్ను తిప్పి పంపేవాడని నవ్వొచ్చింది. అది నేనే పెట్టానని చెప్పడానికి ఉన్న ఒక్క సాక్షీ మామే.