పాప ఫోల్డరు అడుగున తొమ్మిది రోజులు

మా పిన్నిని ఆఫీసులో అందరూ రూటు మేడమ్ అనేవాళ్లు. మట్టి నమూనాలు పరీక్షించే ప్రయోగశాలలో ముప్పై నాలుగేళ్లు కంప్యూటర్లు చూసుకుంది. అక్కడివన్నీ విండోస్ కాకుండా లినక్సుతో నడిచే యంత్రాలు. వాటిలో దేన్నయినా మార్చగల ఖాతా పేరు రూట్, దాని పాస్‌వర్డు పిన్నికొక్కదానికే తెలుసు. సెలవు పెట్టినా ఫోన్లు ఆగేవి కావు.

"మేడమ్, ప్రింటర్ మూలుగుతోందండీ."

"మూలగనివ్వు నాయనా. ఇక్కడ నేనూ మూలుగుతున్నా, నూటరెండు జ్వరం."

అలా అంటూనే చెప్పులు వేసుకునేది.

కొత్తగా చేరినవాళ్లని మొదటిరోజు కీబోర్డు ముట్టుకోనిచ్చేది కాదు. నేల మీద ఒక పెన్ను పెట్టి, దాని మీద చాప పరిచి పరీక్ష పెట్టేది.

"పెన్నెక్కడుంది?"

"చాప కిందండీ."

"కనిపిస్తోందా?"

"లేదండీ."

"పోయిందా?"

"లేదండీ."

"మౌంట్ చెయ్యడమంటే ఇంతే. పాసయ్యావు, వెళ్లి టీ తాగు."

నాకూ ఆ పరీక్ష పెట్టింది, తొమ్మిదో తరగతి సెలవుల్లో. లినక్సులో కొత్త డిస్కు పెడితే అది తనంతట తాను విడిగా కనిపించదు. ముందు ఒక ఖాళీ ఫోల్డరు ఉండాలి, డిస్కుని తెచ్చి దాని మీద పరచాలి. దాన్నే మౌంట్ చెయ్యడం అంటారు. ఏ డిస్కుని ఏ ఫోల్డరు మీద పరచాలో ఎఫ్‌ఎస్‌ట్యాబ్ అనే ఫైల్లో ఒక్కో గీతగా రాసిపెడితే, యంత్రం ఆన్ చేసిన ప్రతిసారీ చదువుకుని పరుచుకుంటుంది. అక్కడ తప్పు రాస్తే డిస్కు రాదు. కానీ ఫోల్డరు మాత్రం ఏమీ ఎరగనట్టు అక్కడే ఉంటుంది, ఏమిచ్చినా పుచ్చుకుంటుంది. ఆ పుచ్చుకున్నవి వెళ్లేది పెద్ద డిస్కులోకి కాదు, అడుగున ఉన్న చిన్న డిస్కులోకి. ఆ తర్వాత పెద్ద డిస్కుని సరిగ్గా మౌంట్ చేశామా, అవి చాప కింద పెన్ను అయిపోతాయి.

ఇంట్లో పిన్ని సొంతంగా బిగించుకున్న యంత్రంలో అలాంటి ఫోల్డరు ఒకటి ఉండేది. దాని పేరు పాప. ఆ పాపని నేనే.

నాకు నాలుగో నెలలో అమ్మకి ఊపిరితిత్తుల జబ్బు వచ్చింది. చంటిపిల్లని దగ్గర ఉంచకూడదన్నారు డాక్టర్లు. నాన్న అప్పటికే లేడు. పిన్నికి ముప్పై ఏళ్లు, ఒంటరిది. రెండు గదుల ఇంట్లో నన్ను పన్నెండు నెలలు పెంచింది. అమ్మని చూడటానికి నన్ను తీసుకెళ్లే వీల్లేదు కనుక, రోజూ సాయంత్రం అరగంట ఉయ్యాల దగ్గర మైకు పెట్టి నా చప్పుళ్లు కంప్యూటర్లో రికార్డు చేసేది. వారానికోసారి వాటిని క్యాసెట్ మీదికి ఎక్కించి ఆస్పత్రికి పంపేది. అమ్మ దిండు కింద ఆ క్యాసెట్లే ఉండేవట. ఆఖరి క్యాసెట్ మాత్రం రాలేదు. డిస్కు పోయిందని పిన్ని చెప్పింది.

ఈ సంగతంతా నేను తవ్వి తీయడానికి కారణం నా కూతురు. దానికి పదిహేను నెలలు దాటాయి, ఇంకా నడవదు. నేను చదివింది రసాయనశాస్త్రం, అందుచేత నా భయాలకి పట్టికలు, గ్రాఫులు ఉంటాయి. డాక్టరు ఆగమన్నాడు. నేను ఆగలేక, నేనెప్పుడు నడిచానో చెప్పమని అమ్మకి ఫోన్ చేశాను.

"నన్నడిగితే ఏం చెప్పనే? నా చేతికొచ్చేటప్పటికే తప్పటడుగులు వేస్తున్నావు. మీ పిన్నినడుగు."

పిన్నినడిగాను.

"ఆ పోయిన తొమ్మిది రోజుల్లోనే నడిచావే. తేదీ గుర్తులేదు."

ప్రయోగశాలలో పాడైన ప్రతి డిస్కు సీరియల్ నంబరూ అప్పజెప్పే మనిషి అన్న మాట అది. నాకేదో తేడాగా అనిపించింది కానీ, పెద్దదైపోతోంది కదా అని సరిపెట్టుకున్నాను.

పోయిన నెల పిన్ని రిటైరయింది. అదే వారంలో ఇంట్లో పాత యంత్రం పవర్ సప్లై నుంచి కాలిన వాసన మొదలైంది. అందులోవి కొత్త చిన్న యంత్రంలోకి మార్చి పాతదాన్ని సాగనంపడానికి ఆదివారం పొద్దున్న పిల్లతో సహా వెళ్లాను.

"ఈసారి డిస్కుని డిస్కులా కాపీ చెయ్యడం కుదరదు పిన్నీ. కొత్తది వేరే రకం. ఫైళ్లు మాత్రం తీసుకుందాం."

పిన్ని నా కూతురికి అరటిపండు చిన్న ముక్కలు చేసి పెడుతోంది. "ఊఁ" అంది.

కాపీ అయ్యాక లెక్క చూశాను. పాత యంత్రం చిన్న డిస్కులో వాడిన జాగా ఒకటి చూపిస్తోంది, ఫోల్డర్లన్నీ కూడితే ఇంకొకటి వస్తోంది. మళ్లీ కూడాను. నూట ముప్పై మెగాబైట్లు తక్కువ. ఆ డిస్కు పుట్టిన కాలానికి అది చాలా ఎక్కువ. ప్రయోగంలో ముందు తూకానికీ తర్వాతి తూకానికీ పొంతన లేకపోతే, పదార్థం మాయమైందని ఎవరూ అనరు. ఎక్కడో మిగిలిపోయిందని వెతుకుతారు.

"పిన్నీ, నూట ముప్పై తేడా వస్తోంది."

"రానీ."

"పాప ఫోల్డరు కింద ఏదో ఉంది."

పిన్ని అరటి తొక్కని మడిచి పళ్లెంలో పెట్టింది.

"తెలుసు."

నేను కుర్చీ ఇటు తిప్పుకున్నాను. పిన్ని నా వైపు చూడకుండా పిల్ల మూతి తుడుస్తూ చెప్పింది. నేను వెళ్లిపోవడానికి పది రోజుల ముందు, కంప్యూటరు పెట్టె విప్పి దుమ్ము దులిపిందట. మళ్లీ బిగించేటప్పుడు పెద్ద డిస్కు తీగని వేరేచోట గుచ్చింది. దాంతో యంత్రం లెక్కలో ఆ డిస్కు పేరు హెచ్‌డీబీ కాస్తా హెచ్‌డీసీ అయింది. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో గీత మాత్రం పాత పేరుతోనే ఉంది.

"ఆ గీత చివర సున్నా పెట్టా, ఆన్ చేసినప్పుడల్లా డిస్కు తనిఖీ అంటూ కూర్చోకుండా. నువ్వు చంకలో ఉండేదానివి, అంత తీరికెక్కడిది? తనిఖీ ఉంటే అక్కడే ఆగి అరిచేది. లేదు కనుక గమ్మునుంది. తొమ్మిది రోజులు అన్నీ అడుక్కే వెళ్లాయి. పదోరోజు చిన్న డిస్కు నిండితే అప్పుడు చూసుకున్నా."

"మరి తీసి పైన పెట్టాల్సింది కదా."

"గీత సరిచేశా. మౌంట్ చేశా. మీ అమ్మ మెట్లెక్కుతున్న చప్పుడైంది, లేచా. అన్‌మౌంట్ చేసి, కిందవి తీసి పైన పెట్టడం రెండు నిమిషాల పని. ఆ రెండు నిమిషాలు ఇప్పటిదాకా కుదర్లేదు."

"ఇరవై ఏడేళ్లు!"

"బిజీగా ఉన్నానే" అంది. నవ్వబోయి ఆగింది.

ఇన్నేళ్లలో ఆమె మూడుసార్లు డిస్కులు మార్చింది. మూడుసార్లూ ఫైళ్లని కాకుండా డిస్కుని మొదటి బిట్టు నుంచి చివరి బిట్టు దాకా దించింది. చాదస్తం అనుకునేదాన్ని. ఫైళ్లు కాపీ చేస్తే అడుగున ఉన్నవి రావు. తీసి వినలేదు, అలాగని పోనివ్వనూ లేదు.

"పిన్నీ, ఇది ఆపేస్తే మళ్లీ ఆన్ అవుతుందో లేదో. ఏం చేద్దామో నువ్వే చెప్పు."

పిన్ని లేచి చేతులు కడుక్కుంది, రెండుసార్లు. నన్ను జరగమని కుర్చీలో కూర్చుని అన్‌మౌంట్ ఆదేశం కొట్టింది. కుదరదు, ఫోల్డరు వాడకంలో ఉందని తెర మీద వచ్చింది.

"ఎవరు వాడుతున్నారు?" అన్నాను.

"నువ్వే. ఇందాక తెర మీద ఇంకో కిటికీ తెరిచి ఆ ఫోల్డర్లోకి వెళ్లి అక్కడే ఉండిపోయావు. బయటికి రా తల్లీ, నువ్వు లోపలుంటే అది ఊడదు."

బయటికి వచ్చాను. ఈసారి ఏ మాటా లేకుండా ఊడింది. లోపల తొమ్మిది ఫైళ్లు, తొమ్మిది తేదీలు.

మొదటిది పెట్టింది. ఫ్యాను గరగర, ఏదో గిన్నె దొర్లిన చప్పుడు. తర్వాత ఒక పసిగొంతు.

"అమ్మా."

"అమ్మ కాదమ్మా, పిన్ని. పి... న్ని."

"అమ్మా."

"అమ్మ ఆస్పత్రిలో ఉంది. వచ్చేస్తుంది. నేను పిన్నిని. పిన్ని అనాలి."

"అమ్మా."

ముప్పై ఏళ్ల పిన్ని గొంతు నాకు కొత్త. సన్నగా, కాస్త అలసటగా ఉంది. అరగంటలో పదకొండుసార్లు దిద్దింది. నేను లెక్కపెట్టాను.

"మొదట్నుంచీ ఇదే పాట" అంది పక్కనున్న పిన్ని. "వినేది అక్క కదా. మంచం మీద పడుండి, కూతురు ఇంకెవరినో అమ్మా అంటుంటే వినాలా? ఆ పిలుపులు కొన్ని తుడిచేసి క్యాసెట్ ఎక్కించేదాన్ని."

ఆరో ఫైల్లో ఒక్కసారిగా కేక. "ఓసి దొంగపిల్లా! నడిచేస్తున్నావే! ఒకటి, రెండు, మూడు... అయ్యో!" దబ్బున చప్పుడు, ఆ వెంటనే ఇద్దరి నవ్వు. తేదీ చూసి వేళ్లు మడిచాను. పదహారు నెలల ఒక్క రోజు.

"ఆ లెక్కలాపు" అంది పిన్ని. "అదీ నడుస్తుంది. నడిచాక, కాసేపు కూర్చోవే తల్లీ అని నువ్వే దండం పెడతావు."

ఏడు, ఎనిమిది విన్నాం. తొమ్మిదోది తెరిచే ముందు పిన్ని చెయ్యి మౌసు మీద ఆగిపోయింది. నేను నొక్కబోతే నా చెయ్యి పక్కకి నెట్టి తనే నొక్కింది.

"అమ్మా."

ఫ్యాను గరగర.

"అమ్మా."

దిద్దుబాటు వస్తుందని చూస్తున్నాను. రాలేదు. ఉయ్యాల గొలుసు రెండుసార్లు కిర్రుమంది.

"అమ్మా."

"ఆఁ" అంది రికార్డులో పిన్ని, పక్కగదిలో ఎవరో నిద్రపోతున్నట్టు మెల్లగా. "ఆఁ తల్లీ. ఇక్కడే ఉన్నా."

"అమ్మా."

"ఆఁ."

"అమ్మా."

"ఆఁ."

పిన్ని మధ్యలోనే ఆపేసింది.

"పొద్దున్నే తీసుకెళ్తారని తెలుసు. ఈ ఒక్క పూటే కదా అనుకున్నా. తెల్లారి మీ అమ్మ గుమ్మంలోకి వచ్చి చేతులు చాపింది. నువ్వు నా కాళ్లు చుట్టేసుకుని నన్ను పిలిచావు, ఆ మాటతోనే. అక్క మొహం చూశాను. ఆ పూట నేను పలక్కుండా ఉండాల్సింది."

"ఒక్క సాయంత్రానికి ఏ పిల్లా మారిపోదు పిన్నీ. అంతకుముందు కూడా నిన్ను అలాగే పిలిచాను కదా, నువ్వెంత దిద్దినా."

"సైన్సు చెప్పకు" అంది.

కానీ ఫోన్ అందుకుంది. అమ్మ నంబరు నొక్కి, స్పీకరులో పెట్టి బల్ల మీద ఉంచింది.

"అక్కా, ఆ ఆఖరి క్యాసెట్ ఉంది చూడు. అది పోలేదు. నా దగ్గరే ఉంది."

అటువైపు కుక్కర్ కూత వినిపించింది. అమ్మ దాన్ని కట్టేసి వచ్చినట్టుంది.

"నువ్వు డిస్కు పోగొట్టుకున్నానంటే నేను నమ్మాననుకున్నావా? ఎన్నాళ్లకి చెప్తావో చూద్దామనుకున్నా. ఎవరికోసం దాచావే?"

పిన్ని జవాబు కోసం నా వైపు చూసింది.

"నాకోసమే" అంది.

"విన్నావా?"

"ఇప్పుడే. ఇన్నేళ్లలో ఇదే మొదలు. అందులో పాప నన్ను... నేను పలికానే అక్కా. ఒక్కరోజు దిద్దకుండా పలికాను."

"పూర్తిగా విన్నావా?"

"లేదు. సగంలో ఆపేశా."

"మిగతాది విను. నేను సాయంత్రం వస్తాను. అప్పుడు నాకూ వినిపిద్దువుగాని. ముందు నువ్వు విను."

ఫోన్ పెట్టేసింది.

నేను పిల్లని ఎత్తుకుని బాల్కనీలోకి వెళ్లి తలుపు దగ్గరికి వేశాను. పిల్ల కమ్మీలు పట్టుకుని నిలబడి కింద పోయే వాళ్లని చూస్తోంది. లోపల ఫ్యాను గరగర మొదటినుంచీ మొదలైంది. పసిగొంతు అమ్మా అంది. ఈసారి రెండు గొంతులు పలికాయి, ఒకటి సన్నగా, ఒకటి బొంగురుగా. బొంగురు గొంతు కాస్త ముందే పలికింది.