మిషన్‌కు పెట్టిన బెల్లం

అమ్మ కాలి పుండు మానడం లేదు. షుగర్ తగ్గకపోతే బొటనవేలు తీసేయాలన్నాడు డాక్టరు. నిన్న షుగర్ చూసే మిషన్ కొన్నాను. పొద్దున లేచేసరికి అమ్మ దానికి పసుపు కుంకుమ పెట్టి, బెల్లం నైవేద్యం పెట్టింది. బెల్లం పట్టుకున్న అదే చేతివేలు పొడిచి చూస్తే నాలుగు వందలు దాటింది. అమ్మ మొహం పాలిపోయింది.

మిషన్‌లో రక్తం పెట్టే పట్టీకి రక్తంలోని చక్కెర, వేలికంటిన బెల్లం ఒకటేనని చెప్పి, చేయి కడిగించి మళ్లీ చూశాను. రెండు వందల అరవై.

"నాన్నూరు యాడ, ఇది యాడ! తగ్గిపాయ కదప్పా."

"ఇదీ ఎక్కువేమ్మా. ఆస్పత్రికి పోదాం పా."

"ఇంగ ఆస్పత్రి ఎందుకు?"

బండి బయటికి తీసి వచ్చేసరికి అమ్మ ఆ బెల్లం ప్రసాదం నోట్లో వేసుకుంటోంది. బండి ఇంకా వాకిట్లోనే ఉంది. రెండు వందల అరవై కూడా ఎక్కువేనని మీ ఇంట్లో అయితే ఎట్లా నమ్మిస్తారు?