హెలికాప్టర్‌లో ఒక్క సీటు

మొన్న ఆదివారం టొరంటో పక్కన మార్కమ్‌లో ఒకప్పటి నా రూమ్మేట్ ఇంటికి భోజనానికి వెళ్లాను. ఆమె భర్త బేస్‌మెంట్‌లో టేబుల్ టెన్నిస్ ఆడుతుంటే బంతి ఎగిరొచ్చి నా కాళ్ల దగ్గర పడింది. ఆ తెల్ల బంతిని చేతిలోకి తీసుకునేసరికి పాత కడుపుమంట మళ్లీ రాజుకుంది.

ఊళ్లకు ఊళ్లు చదువుల పేరుతో కెనడా విమానమెక్కిన సంవత్సరాలవి. పత్రికలో డెస్కు ఉద్యోగం వదిలేసి, జుట్టు నెరిసే వయసులో నేనూ గ్వెల్ఫ్ యూనివర్సిటీలో వన్యప్రాణుల కోర్సులో చేరాను. వరంగల్ నుంచి వచ్చిన ఈ రూమ్మేట్ నాకన్నా బాగా చిన్నది. నా నోట్సే చదివి, నాతోపాటే ప్లేస్‌మెంట్ శిక్షణకి రాకీ కొండల దగ్గరికి వచ్చింది. అక్కడ ఒక కొండవాలు పొదలతో మూసుకుపోయి ఎల్క్ జింకలకు మేత కరువైంది. కావాలనే తగలబెడితే లేతగడ్డి మొలుస్తుంది. మనుషులు ఎక్కలేని వాలు కనక నిప్పు హెలికాప్టర్ నుంచి పెడతారు. టేబుల్ టెన్నిస్ బంతుల్లాంటి వాటిలో ఒక రసాయనం ఉంటుంది. మెషీన్ వాటిలోకి ఇంకో ద్రవం ఎక్కించి వదిలితే, నేల చేరిన కాసేపటికి అంటుకుంటాయి. ఆ మెషీన్‌లో బంతులు పోయడానికి ట్రైనీకి ఒక్క సీటు ఉంది. చలికాలమంతా నేను కలగన్నది ఆ సీటు గురించే.

నిప్పు పెట్టే రోజు ఉదయం నేను వణుకుతుంటే ఆ అమ్మాయి తన ఉన్ని స్వెటర్ కూడా తెచ్చి నాకు తొడిగింది. "వేస్కో అక్కా, నువ్వు చలికి ఆగవు. నాకేం కాదు." కాసేపటికి మమ్మల్ని బూట్లు, బట్టలతో సహా తూచారు. తేలికైన మనిషే ఎక్కాలన్నాడు పైలట్. ఆమె స్వెటర్ బరువు కూడా నా లెక్కలోనే పడి, సీటు ఆమెకు దక్కింది. విప్పి మళ్లీ తూగుతానని అడగడానికి అభిమానం అడ్డొచ్చింది. అడిగినా ఆమే ఎక్కేదేమో. ఆ 'ఏమో' నన్ను ఇప్పటికీ వదల్లేదు.

మంట హద్దు దాటకుండా నేను కింద నీళ్ల గొట్టం పట్టుకుని నిలబడ్డాను. వాలంతా చుక్కలు చుక్కలుగా అంటుకుని, మంటలు గీతలై కలిశాయి. దిగొచ్చిన ఆమె వంక చూడలేక, వంగి గొట్టం చుట్టడం మొదలుపెట్టాను. వానలు పడ్డాక ఆ లేతగడ్డిలో ఎల్క్‌ల మంద మేయడం చూసింది నేనే. ఆమె అప్పటికే గ్వెల్ఫ్‌లో పార్ట్‌టైమ్ పనికి వెళ్లిపోయింది. అయినా నాకు తృప్తి లేదు.

బంతి తిరిగిచ్చి, ఇన్నేళ్లుగా అడగనిది అడిగాను. "ఆ రోజు పైనుంచి మంట ఎలా కనిపించిందే?"

"ఏం కనపడలే అక్కా. మెషీన్ యాడ ఆగిపోతదోనని దాని దిక్కే చూసిన. నువ్వయితే మంచిగ చూసేదానివి."

ఓదార్పుగానే అంది. చూడని మనిషికి దక్కిన సీటని తెలిశాక మరింత రగిలింది. భోజనాల దగ్గర ఆమె ఇంకాస్త అన్నం పెట్టబోతే చెయ్యి అడ్డం పెట్టాను.

"కొంచెమే అక్కా."

"వద్దులే. మళ్లీ తూస్తారేమో."

ఆమె పగలబడి నవ్వింది. ఆ వాలు ఈపాటికి మళ్లీ పొదలు కమ్మి, ఇంకోసారి కాల్చే వేళయి ఉంటుంది. ఇన్నేళ్లూ గడిచింది ఆ కొండకే గానీ నాకు కాదు.