కోటమ్మ రెండో కొడుకును స్టేషన్‌కు తెచ్చిన రోజు

నేను రిటైరవడానికి ముందు సంవత్సరం ఫిబ్రవరిలో, మిరప కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజుల్లో, పల్నాడు వైపు ఒక మండల కేంద్రానికి నన్ను ఇన్‌స్పెక్టరుగా వేశారు. స్టేషన్ పేరు రాయను. అప్పటికే పత్రికల్లో కావలసినంత వచ్చింది. అంతకుముందు సింగరాయకొండలో హైవే ప్రమాదాల కేసులు చూసుకుంటూ, మిగిలిన సర్వీసు గొడవల్లేకుండా వెళ్లదీద్దామనుకుంటున్నవాణ్ణి. ఆర్డరు చూడగానే చిర్రెత్తుకొచ్చింది. నన్నే ఎందుకు వేశారండీ అని పైఅధికారిని అడిగితే, "మీ మీద ఒక్క ఫిర్యాదు లేదు, మీ వెనక ఒక్క లీడరూ లేడు" అన్నారు. అది మెచ్చుకోలో ఎత్తిపొడుపో తేల్చుకోకుండానే వెళ్లి చేరాను.

ఆ స్టేషన్ సంగతి చెప్పాలి. నాకు ముందు కొన్నేళ్ల కిందట అక్కడ పనిచేసిన ఎస్సై, మోటారు దొంగతనం అనుమానం మీద శ్రీను అనే ముఠా కూలీని తీసుకొచ్చాడు. కేసు కట్టలేదు, అరెస్టు చూపించలేదు. ఊరికే కూర్చోబెట్టాడు. మా భాషలో ఊరికే కూర్చోబెట్టడమంటే ఏమిటో పోలీసులకూ తెలుసు, ఊళ్లవాళ్లకూ తెలుసు. ఆ కుర్రాడి శవం సాగర్ కాలవలో తేలింది. విచారణకు స్వచ్ఛందంగా వచ్చాడనీ, ఆరోగ్యంగా తిరిగి వెళ్లాడనీ జనరల్ డైరీలో రాసి ఉంది. జనరల్ డైరీ అంటే స్టేషన్‌లో జరిగే ప్రతిదీ గంటగంటకూ ఎక్కించే పుస్తకం. మేం జీడీ అంటాం. ఆ రాత అబద్ధమని సెషన్స్ కోర్టులో రుజువైంది. ఎస్సైకి హత్యానేరం కింద యావజ్జీవ ఖైదు పడింది. పడిన కొద్దిరోజులకే నన్ను అక్కడ వేశారు.

పాత సిబ్బందిని దాదాపు అందరినీ బదిలీ చేశారు. మిగిలింది హెడ్ కానిస్టేబుల్ మస్తాన్ వలీ ఒక్కడే. ఆయన రైటరు, అంటే స్టేషన్ రాతపని అంతా ఆయనదే. ఎస్సై చెప్తే ఆ అబద్ధం రాసింది తానేనని కోర్టులో ఒప్పుకున్న సాక్షి కూడా ఆయనే. డిపార్ట్‌మెంట్‌లో సగంమంది ఆయనతో మాట్లాడ్డం మానేశారు.

చేరేముందు మంగళగిరిలో మాకు శిక్షణ ఇచ్చారు. గదిగదికీ కెమెరా, అరెస్టయినవాడి హక్కుల బోర్డు, లాకప్‌లో పెట్టేముందు వైద్యపరీక్ష, బంధువులకు కబురు, ఇవన్నీ చక్కగానే చెప్పారు. నేనూ శ్రద్ధగానే విన్నాను. తీరా వెళ్లి చూస్తే స్టేషన్ వరండాలో ఒక్క బల్ల లేదు! ఫిర్యాదు ఇవ్వడానికొచ్చిన ముసలాయన గోడకానుకుని నిలబడి ఉన్నాడు. బల్లలేవయ్యా అని సెంట్రీని, అంటే తుపాకీతో గేటు దగ్గర కాపలా ఉండే కానిస్టేబుల్‌ని, అడిగాను. "తీయించేశాం సార్. కూర్చుంటే కస్టడీ అంటారేమోనని" అన్నాడు. ఎవరొచ్చినా ముందు ఎప్పుడెళ్తారని అడుగుతున్నాడు. ఒకప్పుడు లోపలికి వెళ్లినవాణ్ణి బయటికి రానిచ్చేవాళ్లు కాదు, ఇప్పుడు అసలు లోపలికే రానివ్వడం లేదు. దీన్ని సంస్కరణ అనాలో ఏమనాలో నాకు తోచలేదు. అరిచి బల్లలు వేయించాను.

ఆ నెలాఖరులో ఒక మధ్యాహ్నం గేటు దగ్గర ఆటో ఆగింది. ఒకావిడ, చేతులు మోచేతులదాకా మిరప కారంతో ఎర్రబారి ఉన్నాయి, పాతికేళ్ల కుర్రాడి చెయ్యి పట్టుకుని గబగబా లోపలికి వచ్చింది. ఆవిణ్ణి చూసి మస్తాన్ వలీ కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. ఆవిడ శ్రీను తల్లి కోటమ్మ. వెంట ఉన్నవాడు ఆవిడ రెండో కొడుకు అంజి, సరుకు తోలే ట్రాలీ ఆటో నడుపుతాడు.

"అయ్యా, ఈణ్ణి ఇక్కడ ఉంచండయ్యా. ఊళ్లో చంపేత్తారు" అంది.

సంగతేమిటంటే, వాళ్ల ఊళ్లో వెంకటేశ్వర్లు అనే రైతు కల్లంలో ఆరబోసి, తొక్కి పెట్టుకున్న మిరప టిక్కీలు పోయాయి. టిక్కీ అంటే మిరపకాయలు కుక్కిన గోతాం. ఆ ఏడు ధర బాగా ఉంది, కల్లాల దగ్గర అందరూ కాపలా పడుకుంటున్నారు. కల్లం పక్కన అంజి ఆటో చూశామని ఎవరో అన్నారు. వెంటనే జనం పోగయ్యారు. కోటమ్మ కాయలు ఏరుతున్నదల్లా చేస్తున్న పని వదిలేసి, కొడుకుని దొడ్డిదారిన తప్పించి, ఆటో ఎక్కించి తెచ్చింది. తెచ్చింది ఎక్కడికి? తన పెద్దకొడుకుని చంపిన స్టేషన్‌కి.

మస్తాన్ వలీ నన్ను పక్కకి పిలిచి, "ఫిర్యాదు లేదు, కేసు లేదు. ఏమని ఉంచుతాం సార్? వీడికేమన్నా అయితే ఇక మన పని అంతే. పంపించేద్దాం" అన్నాడు. కానిస్టేబుళ్లందరిదీ అదే మాట. వాళ్ల తప్పేమీ లేదు. కేసు లేకుండా మనిషిని స్టేషన్‌లో పెట్టుకోకూడదు అన్నదే కదా ఆ తీర్పు మాకు నేర్పింది. నేరం చేయబోయేవాణ్ణి ముందుగా అదుపులోకి తీసుకోవడానికి సెక్షన్ ఉంది. దెబ్బలు తినబోయేవాణ్ణి దాచిపెట్టడానికి ఏ సెక్షన్ ఉందో నాకు గుర్తు రాలేదు. ముప్ఫై ఏళ్లకు పైబడిన సర్వీసు, ఏం లాభం!

డీఎస్పీగారికి ఫోను చేశాను. అంతా విని, "చట్టప్రకారం చెయ్యండి" అని పెట్టేశారు. ఏ చట్టమో చెప్పలేదు. సత్తెనపల్లిలో తెలిసిన ప్రభుత్వ న్యాయవాదికి చేశాను. ఆయన, "కస్టడీ అని మాత్రం రాయకండి. స్వచ్ఛందంగా వచ్చాడని జీడీలో ఎక్కించండి" అన్నారు.

మస్తాన్ వలీ జీడీ తెరిచాడు, పెన్ను పట్టుకున్నాడు, అంతే. చెయ్యి కదల్లేదు. "ఆ మాట నేను రాయలేను సార్. పోయినసారి రాసింది ఈ చేత్తోనే" అన్నాడు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి ఆయనకి. నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది. ఇప్పుడు నిజంగా స్వచ్ఛందంగానే వచ్చినవాడి గురించి ఆ ముక్కే రాయాలి. రేపు ఎవరైనా ఆ రెండు రాతలూ పక్కపక్కన పెట్టి చూస్తే తేడా ఏం చూపించాలి? పుస్తకం నా ముందుకి లాక్కున్నాను గాని నాకూ తెగలేదు.

కోటమ్మ ఇదంతా వింటూనే ఉంది. "ఏందయ్యా మీ తర్జనభర్జన? నే చెప్తా, రాయండి" అంది. "నా కొడుకుని నేనే తెచ్చా. నాకెప్పుడు తీసకపోవాలనిపిత్తే అప్పుడు తీసకపోతా. ఈడి పక్కన నేనూ కూసుంటా. అంతే."

ఆమె చెప్పింది చెప్పినట్టు రాశాను. చదివి వినిపించాను. సంతకం పెట్టింది. తల్లీకొడుకులిద్దర్నీ వరండాలో, కెమెరాకి కనపడేచోట కూర్చోబెట్టి, మంచినీళ్లిప్పించాను. హమ్మయ్య అనుకుని ఊపిరి పీల్చుకున్నానో లేదో, కోటమ్మ దిగ్గున లేచింది. కొడుకు రెక్క పట్టుకుని, "పదరా, పోదాం" అని గేటు వైపు నడిచింది. సెంట్రీ నావైపు చూశాడు. ఏం చెయ్యను? ఆపితే కస్టడీ. ఆపకపోతే బయట ఊరు ఊరంతా కాచుకుని ఉంది. తప్పుకోమని చేత్తో సైగ చేశాను. సెంట్రీ తప్పుకున్నాడు. ఆవిడ గేటు దాటి రోడ్డు మీద నిలబడింది, అటూ ఇటూ చూసింది, మళ్లీ కొడుకుని వెంటబెట్టుకుని లోపలికొచ్చి అదే బల్ల మీద కూర్చుంది.

"ఏంటమ్మా ఇది? మాతో ఆటలా?" అని కసిరాను.

"పోనిత్తారో లేదో చూశానయ్యా. మావోడు చచ్చిపోయిన రోజు నేనీ గేటు దగ్గరే కూసున్నా. ఇంటికి తీసకపోతానని ఎంత మొత్తుకున్నా గేటు తియ్యలా" అంది.

లోపలికెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను.

సాయంత్రం కాకముందే ట్రాక్టర్ మీద జనం దిగారు. ముందు వెంకటేశ్వర్లు. "ఒరేయ్ అంజిగా! బయటికి రారా! ఆడముండ కొంగు చాటున దాక్కున్నావేరా!" అని కేకలు. నోరు అదుపులో పెట్టుకోమని నేనూ అంత గట్టిగానే అరిచాను. అతను నా దగ్గరికొచ్చి కాస్త తగ్గి, "సీఐగారూ, ఏడాది కష్టమండీ. మందులకీ కూలీలకీ పెట్టి పెట్టి నడుం విరిగింది. వాణ్ణి మాకివ్వండి, లేకపోతే మీరే నాలుగు తగిలించండి, ఎక్కడ దాచాడో కక్కుతాడు. పాత ఎస్సైగారే ఉంటే ఈపాటికి మా సరుకు మా కల్లంలో ఉండేది" అన్నాడు. ఏడుపు గొంతు. అతని బాధ అబద్ధం కాదు.

పాత ఎస్సై ఎక్కడున్నాడో తెలుసు కదా అన్నాను. "తెలుసండీ, పాపం" అన్నాడు. శ్రీను చనిపోయినప్పుడు శవంతో రోడ్డు మీద బైఠాయించినవాళ్లలో మొదటి వరసలో కూర్చున్నది ఈయనేనని మస్తాన్ వలీ తర్వాత చెప్పాడు. ఆ రోజు న్యాయం కావాలన్నవాడూ, ఈ రోజు నాలుగు తగిలించమన్నవాడూ ఒకడే. నాటకమాడుతున్నాడని అనుకోవడానికీ లేదు, రెండుసార్లూ మనస్ఫూర్తిగానే అన్నాడు. ఇలాంటి మనిషిని ఏమనాలో నాకు ఇప్పటికీ తెలియదు.

ఫిర్యాదు రాసివ్వమన్నాను. రాతకోతలెందుకండీ అని నసిగాడు. రాసిస్తేనే కేసు అని పట్టుబట్టాను. ఇచ్చాడు. కేసు కట్టాం. దొంగతనం లాంటి, ఏడేళ్లలోపు శిక్ష పడే నేరాలకు, తగిన కారణం రాస్తే తప్ప అరెస్టు చేయకూడదు. పిలిచినప్పుడు హాజరు కమ్మని నోటీసు ఇవ్వాలి. తల్లి ఎదురుగా, కెమెరా ముందు అంజిని ప్రశ్నించాను. ఆటో అటు తోలింది నిజమే, పత్తి కట్టె కోసం వెళ్లానన్నాడు. మాట తడబడింది. భయానికో, అబద్ధానికో చెప్పలేను. ఆటో వెతికించాను, ఇల్లు వెతికించాను. ఏమీ దొరకలేదు. నోటీసు ఇచ్చాను. గేటు దగ్గరికెళ్లి, అంజి మీద చెయ్యి పడితే అందరి పేర్లూ రాసి తహసీల్దారు ముందు బైండోవర్ చేయిస్తానని, అంటే గొడవ చెయ్యబోమని పూచీకత్తు రాయించి కట్టిపడేస్తానని చెప్పాను. గొణుక్కుంటూ ట్రాక్టర్ ఎక్కారు.

పొద్దుండగానే కోటమ్మ తమ్ముడు కబురందుకుని పొరుగు మండలం నుంచి వచ్చాడు. మేనల్లుణ్ణి కొన్నాళ్లు తన దగ్గర ఉంచుకుంటానని, నోటీసు ప్రకారం తానే తీసుకొస్తానని రాసిచ్చాడు. వెళ్లేముందు కోటమ్మ నాకు దండం పెట్టింది. నేను మనిషినే కదా, కాస్త గర్వం తలకెక్కింది. "మొత్తానికి మా మీద నమ్మకం కుదిరిందన్నమాట" అన్నాను.

"నమ్మకమా!" అంది ఆవిడ, నవ్వలేదు, కోప్పడనూలేదు. "మీరిప్పుడు భయపడతన్నారయ్యా. అది తెలిసే వచ్చా. ఆ ఎస్సై జైల్లో ఉన్నన్నాళ్లు ఉంటది ఆ భయం. తర్వాత సంగతి నాకేం తెలుసు?"

నాకు చెంప ఛెళ్లుమన్నట్టయింది. అంత చేసిన తర్వాత ఇదా మాట అని ఉక్రోషం పొంగింది. బదులు చెబుదామనుకునేలోపు ఆటో కదిలిపోయింది.

టిక్కీలు దొరకలేదు. ఆ నెల క్రైమ్ సమీక్షలో, రికవరీ లేదేమిటని అందరిముందూ నన్ను నిలబెట్టి అడిగారు. సంస్కరణల గురించి మాకు చెప్పినవాళ్లే ఆ వరసలో కూర్చుని ఉన్నారు. అంజి దొంగ అవునో కాదో నాకు ఈ రోజుకీ తెలియదు. పిలిచినప్పుడల్లా వచ్చాడు, వాళ్ల అమ్మ పక్కన కూర్చున్నాడు, వెళ్లాడు. చివరికి ఆచూకీ దొరకని కేసుగా మూసేశాం.

రిటైరయ్యాక శిక్షణలో ఉన్న కొత్త ఎస్సైలకు పాఠం చెప్పమని ఒకసారి పిలిస్తే ఈ సంగతే చెప్పాను. ఒకమ్మాయి లేచి, "అయితే భయం ఉండటం మంచిదేనా సార్?" అని అడిగింది. కోటమ్మ మాట నిజమేనన్నాను, భయం వల్లే ఆ రోజు స్టేషన్‌లో ఎవరూ అంజి మీద చెయ్యి వెయ్యలేదు. అయితే ఆ భయంతోనే మేమందరం వాణ్ణి గేటు బయటికి పంపించబోయాం. పంపితే ఊళ్లో చచ్చేవాడు, మా మీద ఏ కేసూ ఉండేది కాదు, మా రాతలన్నీ సరిగ్గానే ఉండేవి. భయం మన చేతుల్లో మనిషి చావకుండా చూస్తుంది, వాడు బతకాలని మాత్రం కోరుకోదు. అది మనమే కోరుకోవాలి. దానికి సెక్షన్ ఏమిటని ఆ అమ్మాయి అడిగితే నాకు తెలియదని చెప్పాను.