ఆరు భాషలు, ఒక గ్యాస్కెట్టు

ఆ రోజుల్లో, మనిషికి ఎన్ని భాషలు వస్తే అన్ని ఊళ్ళు వాడివేనని నా గట్టి నమ్మకం. బడి గడప తొక్కింది తక్కువ. శనక్కాయల పొట్లాలు విప్పి చదివి తెలుగు, బస్సుల బోర్డులు చూసి కన్నడం, మార్కెట్లో బేరాలాడి అరవం, ఉర్దూ, పెద్దవాళ్ళ ఇళ్ళల్లో వంట చేస్తూ హిందీ, ఇంగ్లీషు పట్టాను. మొత్తం ఆరు. (హిందీ, ఉర్దూ ఒకటే కదా అని నాతో వాదించినవాళ్ళున్నారు. వాళ్ళకు రెండూ రావు.) డిగ్రీ కాగితం లేనివాడికి ఏమీ తెలియదనుకునే లోకం మీద నాకు అప్పుడూ కోపమే, ఇప్పుడూ కోపమే. అయితే నా ఆరు భాషలే నన్నొకసారి పరాయి దేశంలో వదిలేయబోయాయి. ఆ మాట ఇంకొకరు చెప్పి నవ్వే ముందు నేనే చెప్పుకోవడం న్యాయం.

తొంభైల చివర్లో సంగతి. నాకు ముప్పై ఎనిమిది. (అది యవ్వనమేనని ఇప్పుడు తెలుస్తోంది.) బెంగళూరు మహదేవపురలో కంప్యూటర్ కంపెనీ నడిపే సారింట్లో వంటవాణ్ణి. ఆ ఏడు సెలవులకు సారు గ్రీసులో తెరచాప పడవ ఒకటి అద్దెకు తీసుకున్నారు. వాళ్ళమ్మగారిని అందరం అవ్వ అనేవాళ్ళం. పప్పూ సంగటీ లేనిదే అవ్వకు పూట గడవదు కనుక కుక్కరుతో పాటు నన్నూ విమానం ఎక్కించారు. మూడో రోజున నాఫ్లియో అనే పాత రేవు పట్టణం చేరాం. ఒకప్పుడు ఆ దేశానికి రాజధానిగా ఉండేదని సారు పుస్తకం చూసి చెబుతున్నారు, అటు కొండమీద కోట, ఇటు నీళ్ళ మధ్య ఇంకో కోట. నా కళ్ళకు అవేవీ ఆనలేదు. ముందు రోజే కుక్కరు గ్యాస్కెట్టు తెగింది, అవ్వ రొట్టెముక్కలు నీళ్ళలో ముంచుకుని తింటోంది. పడవ నడిపే మీసాల కెప్టెన్ నాలుగింటికి బయల్దేరాలన్నాడు, గాలి ఎవరి కోసమూ ఆగదట. రేవును లిమాని అంటారని ఒక్క ముక్క నేర్పాడు. "ఏడో భాష దార్లో నేర్చుకుంటాలే అవ్వా" అని, తెగిన గ్యాస్కెట్టును చేతికి తగిలించుకుని దిగాను. పాస్‌పోర్టు పడవలోనే ఉంది.

మొదటి అంగడాయన గ్యాస్కెట్టును చూసి "నే, నే" అంటూ లోపలికి నడిచాడు. నే అంటే నై, నై అంటే లేదని బెంగళూరులో ఎవరికి తెలియదు? లేదనడమే కాక వీపు కూడా చూపించాడని మండిపడి బయటికొచ్చేశాను. రెండో అంగట్లోనూ ఇదే మర్యాద. మూడో అంగట్లో ఒక ముసలాయన "ఓహి" అన్నాడు. ఓహీ, అంటే హిందీలో అదే! ప్రాణం లేచొచ్చి స్టూలు మీద కూర్చున్నాను. ఆయన ఇంకాస్త గట్టిగా ఓహి అన్నాడు, నేనూ తలాడించి ఓహీ ఓహీ అన్నాను. అరగంట ఇద్దరం ఇలా ఒప్పుకుంటూ గడిపాం. చివరికి పాపం ఆయన నాకో గ్లాసు మంచినీళ్ళిచ్చి, బయటికి సాగనంపి, మధ్యాహ్నం కునుకుకు తలుపేసుకున్నాడు.

అప్పటికి మూడున్నర. పూలతీగలు వేలాడే సందుల్లో దారి తప్పాను. వాకిట్లో కూర్చున్న ఒకామెకు పల్లంలోకి చూపించి "లిమాని?" అన్నాను. నే అంది. కొండ మెట్లు చూపించాను. ఓహి అంది. (రేవు కొండమీద ఎందుకుంటుందని మీరడుగుతారు. కొండ దాటితే అవతల ఉంటుందనుకున్నాను. కోపంలో ఉన్నవాడికి భూగోళం గుర్తుండదు.) ఆ మెట్లు వెయ్యికి ఒకటి తక్కువని ఆ ఊరివాళ్ళ మాట. సగం ఎక్కి, రొప్పుతూ వెనక్కి తిరిగితే రేవు నా కాళ్ళ కిందే ఉంది, మా పడవకు తెరచాప విప్పుతున్నారు. పాస్‌పోర్టు లేదు, ఊరి పేరు తప్ప ఏమీ తెలియదు. ఇక ఎవరినీ ఏ భాషలోనూ అడగకుండా ఒకటే పరుగు.

నేను చేరేసరికి నాలుగున్నర దాటింది. పడవకూ గట్టుకూ మధ్య వేసిన పలక మీద అవ్వ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. ఆమె లేస్తే గాని పలక తియ్యలేరు, పలక తియ్యందే పడవ కదలదు. కెప్టెన్ గడియారం చూపిస్తున్నాడు, సారు తల పట్టుకున్నారు.

"యాడికి పోయినావప్పా, ఊరు కొనేదానికా?" అంది అవ్వ.

జరిగిందంతా చెప్పి, ఈ దేశంలో ఎవరికీ మర్యాద లేదవ్వా అన్నాను. అవ్వ అందుకుంది.

"నే అంటే ఔననప్పా. ఓహి అంటే కాదని. మూడు దినాలుగా ఆ మీసాలాయన అనేది ఇంటానే ఉండావు కదా. ఆరు బాసలు నేర్చినావు, చెవులు మాత్రం బెంగళూర్లోనే పెట్టొచ్చినావు."

సారు నవ్వు బయటపడకుండా దగ్గారు. ఆ పూట పప్పు వట్టి గిన్నెలోనే రెండు గంటలు ఉడికింది. అవ్వ రెండుసార్లు వడ్డించుకుంది. మీసాల కెప్టెన్ గిన్నె గీకాడు. ఔనుకు అలాంటి మాట పెట్టుకున్నది వాళ్ళ తప్పేనని నేను ఇప్పటికీ అంటాను.

ఇప్పుడు నేను కె.ఆర్.పురంలో ఉంటున్నాను, నా వంట నేనే తింటున్నాను. అవ్వకు తొంభై దాటాయి, వర్తూరులోని కొత్త ఇంట్లో కొడుకు దగ్గరే ఉంది. మొన్న చూడబోతే "సంగటి తింటావా?" అని అడిగింది. మా ఇద్దరికీ తెలిసిన మాటే కదా అని "నే" అన్నాను. బీహారు నుంచి వచ్చిన కొత్త వంటామె, నా ముందు పెట్టిన కంచం తీసుకుని తిన్నగా లోపలికి వెళ్ళిపోయింది. అవ్వ పొట్ట పట్టుకుని నవ్వుతోంది. నేను మాత్రం ఆ వంటామెను తప్పు పట్టలేదు. అచ్చం నాలాగే విన్నది, పాపం.