సాంచ ఆపే చెయ్యి

కోరుట్లలో నేను పాఠం చెప్పే గదిలో ఒక ముసలి ఫ్యాను ఉంది. స్విచ్ వేయగానే టకటకమని మొదలవుతుంది. ఆ చప్పుడు చెవిన పడితే చాలు, నా గొంతు దానంతట అదే లేస్తుంది. మొన్న డిగ్రీలో కొత్తగా చేరిన పిల్లలకు నాలుగు మంచి మాటలు చెప్పమని ప్రిన్సిపాల్ గారు నన్ను పంపినప్పుడూ అదే జరిగింది. జగిత్యాల నుంచి బస్సులో వస్తూ ఏదో ఉపన్యాసం సిద్ధం చేసుకున్నాను. ఫ్యాను మొదలవగానే ఉపన్యాసం ఎటో పోయి, సులోచన మేడం గుర్తొచ్చారు.

సులోచన మేడం సిరిసిల్లలో మాకు కామర్స్ చెప్పారు. రోజూ వేములవాడ నుంచి కిక్కిరిసిన బస్సులో నిలబడి వచ్చేవారు. పొట్టి మనిషి, మాట కటువు. నేను తంగళ్ళపల్లి నుంచి వెళ్లేదాన్ని. మా ఇంటి వెనక రేకుల షెడ్డులో సాంచలు ఉండేవి. మరమగ్గాలను మా దగ్గర అలాగే అంటారు. బాపు సాంచలు నడిపేవాడు, అమ్మా నేనూ కండెలకు నూలు చుట్టేవాళ్లం. ఆ మోతలో పెరిగినవాళ్లకు మెల్లగా మాట్లాడటమనేది ఒకటుందని తెలియదు. కాలేజీలో మొదటి రోజు మేడం పేరు అడిగితే, షెడ్డు ఆ చివరనున్న బాపుకు వినిపించేటట్టు చెప్పాను. గది గదంతా పగలబడి నవ్వింది. ఆ రోజు మూసుకున్న నోరు క్లాసులో చాన్నాళ్లు తెరవలేదు.

మా ఇంట్లో కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషిని నేనే. డెబిట్ ఏమిటో, క్రెడిట్ ఏమిటో అడగడానికి ఇంట్లో దిక్కు లేదు. క్లాసులో అడగాలంటే నోరు తెరవాలి, తెరిస్తే నవ్వుతారు. మొదట ఒక పాఠం పోయింది, దాని మీద కట్టిన పాఠాలన్నీ పోయాయి. మెల్లగా కాలేజీకి పోవడం మానేశాను. "సమజ్ గాకపోతె ఎందుకు బిడ్డా గీ తిప్పలు? ఇంట్ల ఉండు, పని నేర్చుకో," అన్నాడు బాపు. ఆ మాట ప్రేమతోనే అన్నాడు. కోపంగా అని ఉంటే ఎదురు తిరిగేదాన్ని, ప్రేమగా అనేసరికి తల ఊపాను. చదువు అక్కడితో అయిపోయిందనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం మేడం మా షెడ్డు గుమ్మంలో ప్రత్యక్షమయ్యారు. ఆవిడ ఏదో గట్టిగా అడుగుతున్నారు, మాకు ఒక్క ముక్క వినబడటం లేదు. అమ్మ బాపు వైపు తిరిగి అరచెయ్యి పైకి లేపింది. బాపు సాంచలన్నీ ఆపేశాడు. మేడం వచ్చిన పని మరిచిపోయి అమ్మ చేతి వైపే చూస్తూ నిలబడ్డారు.

"గిదేంది? చెయ్యి లేపితె ఆపుతరా?"

"అరిస్తె ఇనవడదు గద మేడం," అంది అమ్మ. "పోగు తెగితె ఎవ్వలు చూస్తె వాళ్లు చెయ్యి లేపుతరు. ఆపి అక్కడనే అతుకుతం. ఆపకుంట నడిపిస్తె బట్ట పొడుగూత గీత వడ్తది."

మేడం నా వైపు తిరిగారు. "నీ పోగు ఎప్పుడు తెగింది బిడ్డా? నన్నెందుకు ఆపలే?"

"నవ్వుతరు మేడం!" అన్నాను. సాంచలు ఆగిన షెడ్డులో అది పొలికేక అయింది. ఆవిడ నవ్వలేదు.

"నవ్వనియ్యి. రేపు రా. బస్సు తప్పితె లేటుగ రా. నేను తిడుత, తిట్టించుకొని కూసో. మర్లి ఇంటికి మాత్రం పోకు." తర్వాత బాపును అడిగారు: "ఏమంటవ్ అన్నా?" బాపు ఆగిన సాంచల కేసి చూశాడు, నా కేసి చూశాడు. "కాలేజికి తోల్త మేడం," అన్నాడు.

మర్నాడు మేడం క్లాసులో ఒకటే చెప్పారు. "నేనే సాంచననుకోండ్రి. ఎక్కడ పోగు తెగితె అక్కడ చెయ్యి లేపుండ్రి. నోరు తెరవనక్కర లేదు. నేను ఆగుత." పాఠం మొదలైంది. ఎవరూ చెయ్యి లేపలేదు. నా చెయ్యి ఇంకా బల్ల కిందే ఉంది. ఇప్పుడు లేపకపోతే మళ్లీ షెడ్డుకే పోతానని నాకు తెలుసు. లేపాను. మేడం సగం మాటలో ఆగిపోయారు.

"ఎక్కడ తెగింది బిడ్డా?"

"మొదట్లనే మేడం!"

మళ్లీ అందరూ నవ్వారు. మేడం సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "నవ్వినోళ్లల్ల ఒక్కరు లేసి, గిప్పటిదాంక నేనేం చెప్పిన్నో చెప్పుండ్రి." ఒక్కరూ లేవలేదు. ఆవిడ బోర్డు మొత్తం తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టారు. వారం తిరిగేసరికి గదిలో సగం చేతులు లేస్తున్నాయి.

ఆవిడ దేవతేం కాదు. "నన్ను సిలబస్ కానియ్యవా?" అని నా మీద విసుక్కున్న రోజులున్నాయి. విసుక్కుంటూనే ఆగేవారు. నాకు ఉద్యోగం వచ్చిందని చెప్పడానికి వెళితే, "గొంతు తగ్గించకు, ఎనుక బెంచీకి పనికొస్తది," అన్నారు. ఇప్పుడు ఆవిడ లేరు. పోయారని తెలిసిన రోజు నేను షెడ్డు గొంతుతోనే ఏడ్చాను.

మొన్న కోరుట్లలో ఆ పిల్లలకు ఇదంతా చెప్పాను. తప్పిన బస్సు సాకుగా ఇంటికి మర్లిపోవద్దన్నాను. అర్థం కాకపోతే చెయ్యి లేపమన్నాను. ఆపైన సెమిస్టర్లు, క్రెడిట్లు అంటూ జోరుగా వివరిస్తూ పోయాను. చివరి వరసలో పెగడపల్లి నుంచి వచ్చిన పిల్ల అరచెయ్యి లేపింది. సగం మాటలో ఆగాను.

"ఎక్కడ తెగింది బిడ్డా?"

ఆ పిల్ల పెదాలు కదిలాయి, మాట నా దాకా రాలేదు. ఫ్యాను టకటకలాడుతూనే ఉంది. సాంచల మోతలో అమ్మ పెదాలు చూసి మాట పట్టుకునే అలవాటు నాకింకా పోలేదు, ఆ పిల్ల పెదాలు చదివాను: "క్రెడిట్లు అంటె ఏంది మేడం?" పక్కనున్న వాళ్లు కిసుక్కున నవ్వారు.

"నవ్వినోళ్లల్ల ఒక్కరు లేసి చెప్పుండ్రి," అన్నాను. ఎవరూ లేవలేదు.

నేనే వెళ్లి ఫ్యాను ఆపేసి, మొదటి నుంచి మొదలుపెట్టాను.